దుప్పి కొమ్ముల మీద తేనెపట్టు

పొద్దున్నే ఆటు మొదలవగానే మా తేనె పడవ అడవికి బయల్దేరాలి. ఆ ముందురోజు సాయంత్రం మేమంతా కరకట్ట మీద శైలబాల పిన్ని టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఏటికి అవతల మడ అడవి పచ్చగా, చప్పుడు లేకుండా, అటు తిరిగి పడుకున్న మనిషి వీపులా కనిపిస్తోంది. దాని మీది ఎండ కరిగి మెల్లగా నీళ్ళలోకి జారుతోంది. అది చూస్తుంటే నాకు భయమూ వేస్తుంది, పాట పాడాలనీ అనిపిస్తుంది. రెండూ ఒకేసారి ఎందుకో నాకు తెలీదు.

నాకు పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు. రేపు పడవ కదిలిన దగ్గర్నుంచి నేను తిరిగొచ్చేదాకా మా పుతుల్ తలకు నూనె రాసుకోదు, దువ్వుకోదు, పగటిపూట పొయ్యి వెలిగించదు, మిరపకాయ వేయించదు. మగవాడు అడవిలో ఉన్నన్నాళ్ళూ మా వైపు ఆడవాళ్ళంతా అంతే. ఇంట్లో మిర్చి ఘాటు లేస్తే అక్కడ తేనెటీగలు రేగుతాయట. ఇంట్లో దువ్వెన కదిలితే అక్కడ పొదలో మామ కదులుతాడట. మామ అంటే పులి. అడవి కంటికి ఆనేంత దూరంలో మేమెవ్వరం ఆ పేరు ఎత్తం. అందుకని ఆ మధ్యాహ్నం పుతుల్ తలంటుకుంటే, ఆఖరి జడ నేనే అల్లాను, వంకరటింకరగా. కొబ్బరినూనె వాసన ఇంకా నా వేళ్ళకుంది. టీ తాగే వంకతో మాటిమాటికీ వేళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటున్నాను.

మా పడవలో ఒక చోటు ఖాళీ అయింది. ఏడో మనిషి తాటిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ చోటు కోసం సుధన్య బాబాయ్ వారం నుంచీ మా నాయకుడు మొహర్ గాజీ చాచా వెంట పడుతున్నాడు. బాబాయ్ శైలబాల పిన్ని భర్త. తుఫానుకు వాళ్ళ దీవి కట్ట తెగి పొలమంతా ఉప్పునీళ్ళ పాలైతే, ఇద్దరూ మా ఊరొచ్చి ఈ కొట్టు పెట్టుకున్నారు. పాత ఊళ్ళో తను పేరున్న తేనె మనిషినని బాబాయ్ చెబుతాడు. ఆ పేరు విన్నవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు, పిన్ని తప్ప. పిన్ని ఎప్పుడూ ఏమీ అనదు, నవ్వి టీ పోస్తుంది.

ఆవేళ మాత్రం నవ్వలేదు. బాబాయ్ పడవెక్కితే రేపట్నుంచి ఈ పొయ్యి కూడా వెలగదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. పిన్ని వాళ్ళ నాన్న తేనెకు పోయి తిరిగి రాలేదు. ఆ చైత్రంలో వాళ్ళమ్మ పక్కన పెట్టిన దువ్వెన మళ్ళీ ముట్టుకోలేదని పుతుల్‌తో ఒకసారి చెప్పిందట.

బాబాయ్ మట్టి గ్లాసు కింద పెట్టి, తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. కథ మొదలయ్యే ముందు ఎప్పుడూ అలాగే సర్దుకుంటాడు.

"గాజీ భాయ్, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. అది నీకు తెలుసు."

"నాకు తెలీదు," అన్నాడు నిమాయ్. నిమాయ్ మా పడవకు తెడ్డు వేస్తాడు. తెడ్డు కంటే నోరే ఎక్కువ ఆడుతుంది.

"నిన్నెవడడిగాడ్రా? గాజీ భాయ్, ఒక చైత్రంలో ఇలాగే తేనెకు పోయాం. ఈగల్ని తోలే పొగకట్ట చుట్టడానికి ఎండుటాకులు కావాలి కదా అని నేను కొంచెం లోపలికి పోయాను. ముళ్ళ ఈతపొదలో ఏదో కొట్టుకుంటోంది. మామేమో అనుకున్నా. మళ్ళీ నాకు నేనే చెప్పుకున్నా, ఒరే సుధన్యా, మామ చప్పుడు చెయ్యడురా, చప్పుడు చేసేది మామకు అన్నమయ్యే ప్రాణమేరా అని. వంగి చూశాను. పోతు దుప్పి. కొమ్ములు తీగల్లో ఇరుక్కున్నాయి, లాగే కొద్దీ బిగుసుకుంటున్నాయి, ఇటు చూస్తే పోటు ఎక్కుతోంది, నీళ్ళు అప్పుడే దాని మోకాళ్ళు దాటాయి, ఇంకాసేపుంటే నిలబడిన చోటే మునిగి చస్తుంది. కత్తి తీసి తీగలు కోశాను. అది పోయింది. అంతే. ఒక్క ముక్క ఎక్కువ చెబితే అడుగు."

"అయిపోయిందా?" నిమాయ్ బొరుగులు నోట్లో వేసుకుని నిట్టూర్చాడు. "బాబాయ్, నీ నోట ఇంత చిన్న కథ ఎప్పుడూ వినలేదు. ఒంట్లో బాగాలేదా?"

"కొమ్ములెంతున్నాయి?" గాజీ చాచా నెమ్మదిగా అడిగాడు. చాచాకు గడ్డం ముగ్గుబుట్ట. మాట్లాడితే ఆచితూచి మాట్లాడతాడు.

"నా చెయ్యంత. ఒక్కోదానికి మూడేసి కొనలు. పైన ఇంకా నూగుతోలు కూడా ఊడలేదు, ముట్టుకుంటే వెచ్చగా పిల్లాడి బుగ్గలా ఉంది."

చాచా తలాడించాడు. ముట్టుకున్నవాడే చెప్పగల మాట అది. బాబాయ్ కూడా చాచా తలాడించడం చూశాడు. ఇక పట్టపగ్గాలుంటాయా?

"చిన్న కథ అంటాడేమిటి భాయ్ వీడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను దుప్పితో ఉంటే పడవవాళ్ళు నన్ను మామ తీసుకుపోయాడనుకుని, అడవిని కాచే బోన్‌బీబీ తల్లి పేరు తలుచుకుని ఆటులో పడవ వదిలేశారు. వెనక్కొచ్చేసరికి రేవులో ఏముంది? బురద. పీతలు. నేను. అరిచాను, ఏరు తిరిగి అరిచింది. సరే, ఏడిస్తే ఎవడొస్తాడు? కెవ్రా చెట్టెక్కి కూర్చున్నాను. ఆకలి. కెవ్రా కాయ తింటే పులుపుకి చెవులు కదిలాయి. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. కోతులు కెవ్రా కొమ్మల మీద ఆడుతూ ఆకులు రాలుస్తుంటే దుప్పులు కిందకొచ్చి తింటాయి కదా. నేనూ కోతిలా కూసి ఆకులు తుంచి పడేశాను."

"కోతిలా ఎలా కూశావు బాబాయ్?"

బాబాయ్ కూశాడు. కట్ట కింద పడుకున్న కుక్క లేచి చెట్టు పైకి చూసింది.

"మందంతా వచ్చింది. ముందు ఎవరనుకున్నావు? మన పోతు దుప్పే! తల ఎత్తి నన్ను చూసింది. కోతి కాదని దానికి తెలిసిపోయింది."

"దానికొక్కదానికే తెలిసుంటుంది," అన్నాడు నిమాయ్.

"అది నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తుంది, నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తుంది, ఏమిటా అని నేను దిగి వెంట పోతే తీపినీళ్ళ గుంట! చుట్టూ ఉప్పు, మధ్యలో చెరుకురసం లాంటి నీళ్ళు!"

"దుప్పుల వెంట పోతే మంచినీళ్ళు దొరుకుతాయి. అది నిజమే," అన్నాడు గాజీ చాచా.

పిన్ని చేతిలోని టీ వడగుడ్డ ఆగింది. ఆవిడ చాచా మొహంలోకి చూస్తోంది, బాబాయ్ వైపు కాదు.

"ఇక ఆ నీళ్ళు తాగీ తాగీ దాని కొమ్ములు పెరగడం మొదలెట్టాయి భాయ్. పొద్దునకొక కొన, సాయంత్రానికొక కొన. చివరికి కొమ్ముకీ కొమ్ముకీ మధ్య నేను తువ్వాలు కట్టుకుని ఉయ్యాలలాగా పడుకునేవాణ్ణి. ఇంతలో పున్నమి పోటు వచ్చింది. అడవంతా నీళ్ళే. నేను కొమ్ములెక్కాను, అది ఈదుతోంది, నా చేతిలో పొగకట్ట రాజుకునే ఉంది. ఆ పొగకు చెట్ల మీది తేనెటీగలన్నీ లేచి, వాలడానికి చోటు లేక, ఎక్కడ వాలాయో తెలుసా? కొమ్ము మీద! అక్కడే పట్టు పెట్టాయి. ఎడమ కొమ్ము మీద తేనెపట్టు, కుడి కొమ్ము మీద నేను. తూకం సరిపోయింది. లేకపోతే దుప్పి ఒక పక్కకి ఒరిగిపోయేది కదా."

"నిన్ను కుట్టలేదా?"

"కుట్టాలంటే ఇల్లు ఒకచోట ఉండాలిరా. వాటి ఇల్లు పరిగెడుతోంది! పొద్దున పూలకు పోయిన ఈగలు సాయంత్రానికి ఇల్లెక్కడుందో వెతుక్కుంటూ, ఒగరుస్తూ వచ్చి పడేవి. కుట్టే ఓపిక ఎక్కడుంటుంది?"

చాచా గడ్డంలో నవ్వుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని చూశాను, పున్నమి నీళ్ళ మీద ఈదుతున్న కొమ్ములు, దాని వెంట బంగారు పొడిలా తేనెటీగలు. అబద్ధమైతే మాత్రమేం, అంత అందమైనది ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొమ్ముల మధ్య బురద పేరుకుంది. మడ కాయ చెట్టు మీదుండగానే మొలకెత్తి, ఈటెలా కిందికి దిగి, బురదలో గుచ్చుకుంటుంది కదా. అలాంటిదొకటి టప్పున వచ్చి దుప్పి నెత్తిన దిగబడింది. ఇక చూస్కో, చెట్టు! దుప్పి చెవుల పక్కన ఊపిరివేళ్ళు పొడుచుకొచ్చాయి. చెట్టు లేచాక కోతులు ఊరుకుంటాయా, కాపురానికొచ్చేశాయి. అవి పైనుంచి ఆకులు రాలుస్తాయి, అది కింద నోరు తెరుస్తుంది. లోకంలో మేతకోసం తిరగాల్సిన పని లేని దుప్పి అదొక్కటే, గాజీ భాయ్. కూర్చుని తిని తిని దానికి బొజ్జ వచ్చింది."

"నువ్వేం తిన్నావు?"

"తేనె! ఎడం చెయ్యి చాపితే తేనె. నెల తిరిగేసరికి నా చెమట తియ్యగా ఉండేది, చీమలు పట్టేవి." బాబాయ్ గొంతు తగ్గించాడు. "అప్పుడొచ్చాడు మామ."

ఎవ్వరం కదల్లేదు. ఆ మాట దగ్గర మా వైపు ఎవరూ కదలరు, కోతల కథ అని తెలిసినా సరే. పిన్ని పొయ్యిలో కట్టె పుల్ల ఎగదోసింది. నిప్పురవ్వలు లేచి ఆరిపోయాయి.

"వచ్చి చూశాడు. ఎదురుగా చెట్టు, చెట్టు మీద కోతులు, తేనెపట్టు. ఇది నా అడవే కదా అనుకున్నాడు. నీడ బాగుందని ఎక్కి పడుకున్నాడు. ఎక్కడ? దుప్పి వీపు మీద! నేను కొమ్ము మీద, మామ వీపు మీద. నేను ఊపిరి బిగబట్టాను, దుప్పి బిగబట్టింది, కోతులు బిగబట్టాయి, తేనెటీగలు రెక్కలు బిగబట్టాయి. అలాగే అందరం ఏట్లో దిగి ఈ దరికి బయల్దేరాం."

"మామకు ఈత వచ్చు కదా బాబాయ్, దిగి ఈదొచ్చు కదా?"

"వస్తే? నీకు నడక వచ్చు కదా, ఎవడైనా సైకిలెక్కమంటే ఎక్కవా? నడి ఏట్లోకి వచ్చేసరికి ఏమైందో తెలుసా? దుప్పికి కొమ్ములు రాల్చే కాలమొచ్చింది. కాలమొచ్చాక నడి ఏరని చూస్తుందా? బుడుంగున రాల్చేసింది. చెట్టూ, కోతులూ, పట్టూ అన్నీ కొమ్ములతో సహా మునిగి, అడుగున నాటుకుని, వాటి చుట్టూ ఇసుక పట్టి..." బాబాయ్ లేచి నిలబడి ఏటి నడుమకు చెయ్యి చాపాడు. అక్కడ, రెండేళ్ళ కిందట తేలిన కొత్త దిబ్బ మీద కొంగలు వాలుతున్నాయి. "అదిగో! ఆ దిబ్బ ఎక్కణ్ణుంచి వచ్చిందనుకుంటున్నారు మీరంతా?"

"మరి మామో?" అన్నాడు నిమాయ్, నవ్వాపుకోలేక బొరుగులు కక్కుతూ.

"దిబ్బ మీద దిగిపోయాడు. సుధన్యా, మళ్ళీ కలుద్దాం అన్నాడు."

"నిన్ను పేరు పెట్టి పిలిచాడా!"

"మేనమామ మేనల్లుణ్ణి పేరు పెట్టి పిలవక అల్లుడుగారూ అంటాడా?"

అందరం పడీపడీ నవ్వాం. చాచా కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు సద్దుమణిగాక, ఆ తడి కళ్ళతోనే బాబాయ్ వైపు చాలాసేపు చూశాడు.

"సుధన్యా, దిబ్బ తీసేస్తున్నాను. మామను తీసేస్తున్నాను. చెట్టు, కోతులు, తేనెపట్టు తీసేస్తున్నాను. ఏం మిగిలింది? పడవ పోయాక ఒక్కడివీ అడవిలో ఉన్నావు. చెట్టెక్కావు. దుప్పుల వెంట పోయి నీళ్ళు తాగావు. ప్రాణంతో బయటపడ్డావు. ఆ కాస్తైనా నిజమేనా?"

బాబాయ్ మొహంలో కోతల మనిషి ఎటో పోయాడు. అన్నాళ్ళుగా చూస్తున్నా ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్ళో మగవాళ్ళందరూ ఎక్కే పడవను కట్ట మీద నిలబడి చూసే మనిషి మొహం అది.

"నిజం," అన్నాడు. నమ్మరేమోనని మళ్ళీ తనే, "మా పెద్దపిల్లకు అన్నప్రాశన చేసిన యేడు. ఆ చైత్రంలోనే."

"అడవిలో ఒంటరిగా నిలబడ్డవాడు నాకు పనికొస్తాడు." చాచా లేచాడు. "పొద్దున ఆటుకి రా. కత్తి, తువ్వాలు తెచ్చుకో. కథలు కూడా తెచ్చుకో, తెడ్డు బరువు తెలీదు."

నిమాయ్ బాబాయ్ వీపు మీద చరిచాడు.

"గాజీ అన్నా."

పిన్ని గొంతు. కెటిల్ దించి పొయ్యి పక్కన పెట్టింది.

"ఆ చైత్రంలో నేను తలకు నూనె రాసుకున్నాను."

చాచా కట్ట దిగబోతూ ఆగిపోయాడు.

"పగలు పొయ్యి వెలిగించాను," అంది పిన్ని. "పిల్ల అన్నప్రాశనకు చుట్టాలొచ్చారు. పూటపూటా దువ్వుకున్నాను. ఎండుమిర్చి వేయించాను, ఇల్లంతా తుమ్మారు."

ఆ మాటకు సాక్ష్యం అక్కర్లేదు. మా వైపు ఆడది దేనికైనా అబద్ధమాడుతుందేమో గానీ దీనికి ఆడదు. ఎందుకంటే మొగుడు అడవిలో ఉండగా నూనె రాసుకున్నాననే మాట, తమాషాకైనా ఆవిడ నోరు దాటదు.

"ఆ వేళప్పుడు వీడెక్కడున్నాడమ్మా?" చాచా మెల్లగా అడిగాడు.

"పక్కనే. నా పక్కనే కూర్చుని తుమ్మాడు."

నిమాయ్‌కి నవ్వొచ్చింది, కానీ పిన్ని మొహం చూసి మింగేశాడు.

"ఈయన ఎప్పుడూ అడవికి పోలేదన్నా. ఏ యేడూ పోలేదు. పెళ్ళినాడే ఒట్టు వేయించుకున్నాను. మా అమ్మ తల ఎలా అట్టలు కట్టిపోయిందో చూసినదాన్ని. దువ్వుకుంటే ఆయన తిరిగి రాడేమోనని, ఆయన ఇక రాడని తెలిశాక కూడా, చచ్చేదాకా దువ్వుకోలేదు." పిన్ని చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "పోనివ్వని తప్పు నాది. ఈయనది కాదు."

బాబాయ్ తల వంచుకుని కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీంచి జారి బురదలో పడింది, తీసుకోలేదు. మెత్తటి నూగుతోలు, వెచ్చని కొమ్ము, అంతా ఉత్తదేనా అనిపించింది నాకు. ఉండబట్టలేక అడిగేశాను.

"మరి దుప్పి, పిన్నీ? దుప్పి కూడా లేదా?"

అప్పుడు పిన్ని బాబాయ్ వైపు చూసింది.

"ఎందుకు లేదు, తారక్? ఉంది. ఆ యేడే ఏరు ఈదుకుంటూ మా ఊళ్ళోకొచ్చింది. కుక్కలు తరిమితే మా పెరట్లో జొరబడింది. నేను బట్టలారేసిన తాడులో కొమ్ములు చిక్కుకున్నాయి. పెనుగులాడే కొద్దీ తాడు మెడకు బిగుస్తోంది. నా నీలం చీర దాని కొమ్ములకు చుట్టుకుపోయింది. ఊరంతా కర్రలు పట్టుకుని చుట్టూ మూగారు, కూర వండుకుందామని. ఈయనొక్కడే దగ్గరికి పోయాడు. అది తల విసిరితే కొమ్ము డొక్కలో దిగింది, రక్తం కారుతున్నా వదల్లేదు. తాడు కోసి, కర్రలకు అడ్డం నిలబడి, కట్టదాకా తోలి ఏట్లో దింపాడు. కావాలంటే చొక్కా ఎత్తి చూడు, మచ్చ ఉంటుంది. నా చీర మాత్రం దుప్పితోపాటు పోయింది."

చాచా వెనక్కి వచ్చి మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. వంగి, బురదలోంచి తువ్వాలు తీసి దులిపి బాబాయ్ భుజం మీద వేశాడు.

"పెళ్ళాం తలకు నూనె రాసుకునే అదృష్టమున్న మగవాణ్ణి నేను పడవెక్కించుకోను సుధన్యా. ఆరుగురం పోతాం. శైలా, ఇంకో టీ పొయ్యమ్మా. నేను తాగుతాను, ఈయన చెబుతాడు."

"ఇంకేం చెప్పేది భాయ్," అన్నాడు బాబాయ్ నేలకేసి చూస్తూ. "అంతా చెప్పేసింది కదా."

పిన్ని టీ పోసి ముందు బాబాయ్‌కే ఇచ్చింది. బాబాయ్ ఒక గుక్క తాగాడు. ఏరు చూశాడు. అవతలి అడవి చూశాడు. ఇంకో గుక్క తాగాడు. తువ్వాలు మెల్లగా భుజం మీద సర్దుకున్నాడు.

"ఆ నీలం చీర ఉంది చూశారూ," అన్నాడు, "ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పొద్దున ఆటు మొదలైంది. ఆరుగురం బోన్‌బీబీ తల్లిని తలుచుకుని పడవ వదిలాం. కట్ట మీద మా ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు, ముడి కూడా వెయ్యని తలలతో. పుతుల్ జడ విప్పేసింది. నేనల్లిన వంకరలు ఇంకా జుట్టులో మెలికలుగా కనిపిస్తున్నాయి. నేను చెయ్యి ఊపలేదు, ఊపితే ఏడుస్తానని.

వాళ్ళ వెనక బాబాయ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు. "నీలం చీర కట్టుకున్న దుప్పి కనబడితే శైల అడిగిందని చెప్పండర్రా! చీర ఇవ్వక్కర్లేదు, ఒకసారి వచ్చి కనబడితే చాలని చెప్పండి!"

నిమాయ్ తెడ్డు మీద పడి నవ్వాడు. చాచా కూడా నవ్వాడు. పడవ వంపు తిరిగేముందు నేను ఆఖరుసారి వెనక్కి చూశాను. శైలబాల పిన్ని టీ కొట్టు పొయ్యి ఊదుతోంది. పట్టపగలు, మా రేవంతా చూస్తుండగా, పొగ నిటారుగా లేస్తోంది. ఆ ఒడ్డున అంతమంది ఆడవాళ్ళలో నూనె రాసి నున్నగా దువ్విన తల ఆవిడదొక్కటే. ఎండ పడి అది ఏటికంటే ఎక్కువగా మెరుస్తోంది.